ఉషారుగా ఉన్నోణ్ని కూడా ఒకసారి అడగండి

ఈ పోస్టు పెద్దగా ఉంటది. డ్యూటీ బస్సులో మొదలుపెడితే సగంలోనే దిగాల్సి వస్తది, సెలవు రోజు తీరిగ్గ చదవండి. రెండు వారాల నుంచి రాస్తున్న, కొట్టేస్తున్న, మళ్లీ రాస్తున్న. ఇయ్యాల పెట్టేస్తున్న.

పోయిన నెల మనోళ్ల గ్రూపులో ఒక ఆడియో తిరిగింది. ఎవరో తమ్ముడు, రాత్రి రెండు గంటలప్పుడు, తొమ్మిది నిమిషాలు ఆగకుండ మాట్లాడిండు. ఊర్లో కోళ్ల ఫారం పెడతడంట, గల్ఫ్‌లో ఉన్నోళ్లందరికీ వాటా ఇస్తడంట, పైసల గురించి పరేషాన్ కావద్దంట, ఇప్పుడు తనకు అన్నీ అద్దంలెక్క కనబడుతున్నయంట. కింద నలభై మంది చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు పెట్టిన్రు. "మగోడంటే గిట్ల ఉండాలె" అని ఒకాయన రాసిండు.

నేను ఆ ఆడియో రెండుసార్లు విన్న. నా చేతులు చల్లబడ్డయి. ఆ తమ్ముడెవరో నాకు తెల్వదు, కానీ ఆ గొంతు తెలుసు. 2018లో అది నా గొంతే.

ఆ తమ్ముడికి జబ్బుందని నేను అంటలేను. ఆడియో విని రోగం చెప్పనీకి నేను డాక్టర్ని కాదు, ఏసీ టెక్నీషియన్ని. నంబర్ సంపాయించి ఫోన్ చేసి ఒక్కటే అడిగిన: "తమ్మీ, కడుపునిండ నిద్రపోయి ఎన్నిరోజులైంది?" ఏం చెప్పిండో ఇక్కడ రాయను, అది ఆయన సంగతి. కానీ ఆ నలభై మందిలో ఒక్కరు కూడా ఆ మాట ఎందుకు అడగలేదు అనేదే ఈ పోస్టు.

నాకు బైపోలార్ ఉంది. ఆరేళ్ల నుంచి టాబ్లెట్లు వేసుకుంటున్న. ఈ మాట నా రూములో ఒక్కరికి, ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఇప్పుడు మీకందరికీ తెలిసింది.

ఆ పేరు తెల్వనోళ్ల కోసం చెప్తున్న. మనిషి మనసు అందరిదీ కొంచెం పైకి, కొంచెం కిందికి పోతనే ఉంటది. జీతం పడిన రోజు ఒక తీరు, ఇంటి నుంచి చెడు కబురొచ్చిన రోజు ఒక తీరు. మా లాంటోళ్లకు అది వారాలకు వారాలు ఒకే దిక్కు పోతది, ఆపితే ఆగదు. కిందికి పోతే మంచం దిగబుద్ధి కాదు, తిండి మట్టిలెక్క ఉంటది, బతుకు బరువైతది. పైకి పోతే నిద్ర అక్కర్లేదు, నోరు ఆగదు, వెయ్యి ఆలోచనలు, జేబులో ఉన్నయి లేనియి అన్నీ ఖర్చు, ఎవడన్న అడ్డం చెప్తే వాని మీద కోపం. ఆ పైకి పోవుడును మేనియా అంటరు. అంతగ ముదరకుంటే హైపోమేనియా అంటరు. రెండు కొసలుంటయి కాబట్టి బైపోలార్. పిచ్చి కాదు, చేతబడి కాదు, గాలి సోకుడు కాదు. షుగర్ లెక్క, బీపీ లెక్క దీర్ఘకాలం ఉండే జబ్బు. కుటుంబాల్లో తరం నుంచి తరానికి కూడా రావొచ్చు.

మాకు అట్లనే వచ్చిందనుకుంట. మా చిన్నతాత ఒక యేడు రెండెకరాలు అమ్మి ఊరందరికీ దావత్ ఇచ్చిండట. యాటలు కోసి, కల్లు పోయించి, డప్పులు పెట్టించి. ముసలోళ్లు ఇప్పటికీ ఆ దావత్ గురించి చెప్పుకుంటరు, "దిల్ ఉన్న మనిషి" అంటరు. ఆ తర్వాత యేడాది మొత్తం ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ సంగతి ఎవ్వరూ చెప్పుకోరు. నేను కూడా మా నాయనను గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది.

ఇప్పుడు నా సంగతి. మాది జగిత్యాల దిక్కు. 2014లో దుబాయ్ వచ్చిన. మెయింటెనెన్స్ కంపెనీ, ఏసీ పని, సోనాపూర్‌లో క్యాంపు, రూముకు ఎనిమిది మంది. నాలుగేళ్లు మామూలుగనే గడిచింది. 2018 నవంబర్‌లో మాకు నైట్ డ్యూటీ పడింది. పెద్ద బిల్డింగు హ్యాండోవర్ ఉండె, మూడు వారాలు రాత్రంతా పని. పొద్దున రూముకొచ్చి పండుకోవాలె గని, మిగతా ఏడుగురిది పగటి డ్యూటీ, సామాన్ల చప్పుడు, ఫోన్లు, తలుపు కొట్టుకునుడు. నాకు మూడు గంటలే నిద్ర. విచిత్రమేందంటే ఆ మూడు గంటలే సరిపోయింది. సరిపోవుడు కాదు, ఎక్కువైంది. లేస్తే ఒళ్లంతా కరెంటు.

రెండు డ్యూటీలు చేసిన. వేరేవాళ్లు ఒక రాత్రికి నాలుగు యూనిట్లు చూస్తే నేను తొమ్మిది చూసిన. మా ఫోర్‌మన్ పంజాబీ ఆయన, భుజం మీద కొట్టి "తూ షేర్ హై" అన్నడు. ఆ నెల ఓటీతోటి నాకు ఎప్పుడూ రానంత జీతం వచ్చింది. ఇంటికి పంపితే ఇంట్లో సంబురం. మా బావ ఫోన్ చేసి "నిన్ను చూసి నేర్చుకోవాలె రా బామ్మర్ది" అన్నడు. నాకు జబ్బు చేసి ఉంది, ఊరూ దేశం దానికి దండలేస్తున్నది.

డిసెంబర్‌లో మెట్‌పల్లిలో ఏసీ వర్క్‌షాప్ పెట్టాలనుకున్న. అనుకున్న గంటలోనే రోడ్డు మీద షట్టర్ కిరాయికి అడ్వాన్స్ పంపిన. మనోళ్లు ఇరవై మంది కలిసి వేసుకున్న చిట్టీ ఉండె, నెలకు వెయ్యి దిర్హమ్‌లు. ఇరవై వేల చిట్టీని పాటలో పదమూడు వేలకే ఎత్తిన. ఏడు వేలు పోగొట్టుకుని నవ్వుకుంట వచ్చిన, మళ్ల గెలిచిన అనుకుంట. రూములో, పక్క రూములో కలిపి ఐదుగురి దగ్గర ఆరు వేలు బదులు తీసుకున్న. అందరూ ఇచ్చిన్రు. ఎందుకియ్యరు? అంత నమ్మకంగ మాట్లాడుతుంటిని. రాత్రి రెండు గంటలకు ఇంటామెకు ఫోన్ చేసి ఆపకుండ చెప్తుంటిని. మనకు రెండంటే వాళ్లకు మూడున్నర. పాపం ఆమె పిల్లను పక్కన పండవెట్టుకుని ఊ కొడుతుండె. ఒకరోజు సైట్‌లో ఇంజినీర్‌కే పని చెప్పిన. "నాకు తెలిసింది నీకు తెల్వదు" అన్న. వార్నింగ్ లెటర్ వచ్చింది. దాన్ని చింపి చెత్తబుట్టలో వేసిన.

జనవరి నడుమ ఒకరోజు పొద్దున లేవలేదు. అంతే. స్విచ్ ఆపినట్టు. ఆరు వారాలు. డ్యూటీకి పోకపోతే ఆబ్సెంట్, ఆబ్సెంట్‌కు కోత, పోతే ఎక్కడ నిలబడితే అక్కడనే. షట్టర్ అడ్వాన్స్ పాయె, చిట్టీ కిస్తులు మెడ మీద, ఐదుగురికి మొకం చూపియ్యలేని బతుకు. చచ్చిపోతే బాగుండు అనిపించింది. ఒకసారి కాదు, రోజూ. ఈ వాక్యం రాయాలా వద్దా అని మస్తు ఆలోచించిన. రాస్తున్న, ఎందుకంటే ఇప్పుడు చదివేటోళ్లలో ఎవరికో ఈ ఆలోచనే ఉండొచ్చు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలె. ఫిబ్రవరిలో ఒక క్లినిక్‌కు పోయిన. మామూలు డాక్టర్. నిద్ర లేదు, ఏడుపు వస్తది, పని చేయబుద్ధి కాదు అన్న. ఆయన డిప్రెషన్ అని టాబ్లెట్లు రాసిండు. నవంబర్, డిసెంబర్ సంగతి ఆయన అడగలే, నేను చెప్పలే. ఎందుకు చెప్తా? అవి నా బతుకులో మంచి రోజులు కదా, రోగంలో ఎట్ల కలుస్తయి? బైపోలార్ ఉన్నోనికి ఉత్త డిప్రెషన్ టాబ్లెట్లు ఇస్తే కొందరికి మళ్లీ పైకి తన్నుతది. నాకు తన్నింది. ఏప్రిల్‌లో మళ్లీ అదే ఉషారు, ఈసారి దాంతోపాటు కొట్లాట కూడా. కొలువు పోయింది. కంపెనీవాళ్లు టికెట్ ఇచ్చి ఇంటికి పంపిన్రు.

కరీంనగర్‌లో మా తమ్ముడు మానసిక డాక్టర్ దగ్గరికి తీస్కపోయిండు. ఆమె మొదలు నన్ను అడగలే, మా ఇంటామెను అడిగింది: "ఈయన ఎప్పుడన్న నిద్రలేకున్నా అలసిపోకుండ, ఎక్కువ మాట్లాడుకుంట, ఎక్కువ ఖర్చు పెట్టుకుంట ఉన్నడా?" ఇంటామె నవంబర్ నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. ఏ రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ చేసిన్నో సుత. నేను పక్కన కూసోని వింటున్న. నా గురించి నాకే తెల్వని సంగతులు. పావుగంటలో డాక్టరమ్మకు అర్థమైంది. మూడు నెలలు ఇక్కడ క్లినిక్‌లో నాకు అందని జవాబు అక్కడ పావుగంటలో దొరికింది, ఎందుకంటే ఆమె నా ఉషారు గురించి అడిగింది.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. గల్ఫ్‌లో ఉన్న మనకు దిగులు ఎట్లుంటదో కొంచెం తెలిసొచ్చింది. మూలకు కూసున్నోణ్ని చూసి "ఏమైంది రా" అని ఇప్పుడు అడుగుతున్నరు, మంచిదే. కానీ నిద్ర లేకుండ డబుల్ డ్యూటీ చేసేటోణ్ని, రాత్రంతా ప్లాన్లు చెప్పేటోణ్ని, అడగకుండనే అందరికీ బిర్యానీ తినిపించేటోణ్ని ఎవ్వరూ అడగరు. మనం ఇక్కడికొచ్చిందే కష్టపడనీకి, పైసలు పంపనీకి. జబ్బు సరిగ్గ ఆ వేషమే కట్టుకుని వస్తది. కంపెనీకి ఓటీ చేసేటోడు కావాలె, ఇంటికి పంపేటోడు కావాలె, గ్రూపుకు జోష్ ఉన్నోడు కావాలె. మేనియా మొదట్లో మనిషి ఈ మూడూ ఇస్తడు. అందుకే ఊర్లో ఉన్నోనికన్న ఇక్కడున్నోనికి ఇది దొరకబట్టుడు కష్టం అని నా అభిప్రాయం. ఊర్లో అయితే అమ్మ చూస్తది, "వీనికేదో అయింది, రాత్రి మొత్తం తిరుగుతున్నడు" అంటది. ఇక్కడ రాత్రి మొత్తం తిరుగుడుకు పేరు నైట్ షిఫ్ట్.

కష్టపడేటోళ్లందరికీ జబ్బని కాదు నేననేది. తేడా ఎట్ల తెలుస్తది అని అడుగుతరు. మామూలుగ కష్టపడ్డోడు అలసిపోతడు, నిద్ర కోసం చూస్తడు. నాలుగు గంటలే పండుకున్నా నిద్ర అక్కర్లేదు అనేటోణ్ని, అది వరుసగ నాలుగైదు రోజులు నడిస్తే, చూడాలె. దానికితోడు మాట వేగం పెరుగుడు, పైసలు నీళ్లలెక్క పోవుడు, చిన్నదానికే గయ్యిమనుడు, ఎన్నడూ లేని మనిషి లెక్క కొత్తగ కనబడుడు ఉంటే ఆ మనిషితోటి నిమ్మలంగ మాట్లాడాలె. అప్పు మాత్రం ఇయ్యొద్దు. నిజంగ చెప్తున్న, ఆ డిసెంబర్‌లో ఆ ఐదుగురిలో ఒక్కడన్న "పది రోజులాగి ఇస్త రా" అంటే నాకు ఎంత మేలు చేసినట్టు అయ్యేదో.

మందుల గురించి ఎక్కువ చెప్పను, మీ డాక్టర్ చెప్పాలె. నాకు రాసింది లిథియం, రాత్రికి ఇంకొకటి. లిథియం కొత్తదేం కాదు. మేనియాకు పనిచేస్తదని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ రాసిండు, అప్పటినుంచి వాడుతున్నరు. మంచి మందు, కానీ లెక్క తప్పితే విషం. అందుకే రక్తపరీక్ష చేసి ఒంట్లో ఎంతున్నదో చూస్తరు, రాత్రి గోలీ వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇయ్యాలె. కిడ్నీ, థైరాయిడ్ కూడా నడుమనడుమ చూపియ్యాలె.

ఎండలో పనిచేసేటోళ్లకు ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది, ఇది ఊరి డాక్టర్‌కు మనం చెప్పకపోతే తెల్వదు. లిథియం అంటే ఒక రకం ఉప్పే. చెమట ఎక్కువ పోయి, ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియంను బయటికి పోనియ్యదు, రక్తంలో పెరుగుతది. జూలై నెలల రూఫ్ మీద ఔట్‌డోర్ యూనిట్ల దగ్గర పని అంటే మీకు తెలుసు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని యూఏఈలో రూల్ ఉంది. కానీ 11 గంటల ఎండ ఏమన్న తక్కువనా? నేను సీసా పక్కనుంచి కదలనియ్య. వాంతులు, విరేచనాలు పట్టినా, చేతులు బాగ వణికినా, నడక తూలినా, మాట తడబడినా ఓర్చుకోవద్దు, అదే రోజు హాస్పిటల్‌కు పోవాలె, లిథియం వాడుతున్న అని మొదటి మాటగ చెప్పాలె.

ఇంకోటి నొప్పుల గోలీలు. మన క్యాంపుల్లో నడుం నొప్పికి బ్రూఫెన్, వోల్టారెన్ చాక్లెట్లలెక్క పంచుకుంటరు. లిథియం వాడేటోళ్లకు అవి ప్రమాదం, లెవల్ పెంచుతయి. నాకు డాక్టరమ్మ పనడోల్ ఒక్కటే వేసుకోమన్నది. 2021లో ఒకసారి భుజం పట్టేస్తే పక్క మంచం తమ్ముడు ప్రేమతోటి వోల్టారెన్ ఇచ్చిండు, నేను మర్చిపోయి రెండు రోజులు వేసుకున్న. చేతిలో స్క్రూడ్రైవర్ నిలువలేదు. అప్పటినుంచి నా అల్మారా లోపల తలుపు మీద కాగితం అంటించిన.

టాబ్లెట్లు తెచ్చుకునుడు కూడా జాగర్త. నేను డాక్టర్ చీటీ, అసలు డబ్బాలతోటే తెస్తా, మూడు నెలలకు మించి తేను. నిద్ర గోలీలు, ఆందోళన గోలీల్లో కొన్ని, క్లోనాజెపామ్, ఆల్ప్రజోలమ్ లాంటివి, యూఏఈలో కంట్రోల్డ్ లిస్టులో ఉన్నయి. వాటికి వచ్చేముందే ఇక్కడి సర్కారు పర్మిషన్ తీసుకోవాలె. ఎవడో దోస్తు పార్సిల్ ఇచ్చిండని తెస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే బుక్ అయితరు. ఊర్లో మెడికల్ షాపు తీరు ఇక్కడ నడువదు.

2019 చివరికి వేరే కంపెనీలో మళ్లీ వచ్చిన. అప్పులుండె, రాక తప్పలే. 2020 మార్చిలో ఫ్లైట్లు బంద్ అయినయి. నా దగ్గర పదకొండు రోజుల గోలీలు మిగిలినయి. లిథియం ఒక్కసారిగా ఆపితే జబ్బు మళ్లీ ఎగేసుకుని వస్తది. ఆ టైంలో నా కోసం మాస్క్ పెట్టుకుని మందుల దుకాణాలు తిరిగి, ఫోన్‌లో డాక్టర్‌ను పట్టి, చీటీ రాయించింది మా కాకా.

కాకా గురించి చెప్పాలె. ఆర్మూర్ దిక్కు మనిషి, నా కింది మంచం, వయసు యాభై దాటింది. చదువు ఏడో తరగతి. కొత్త రూముకొచ్చిన నెల రోజులకు ఆయనొక్కనికే చెప్పిన. భయపడుకుంట చెప్పిన. ఆయన కొద్దిసేపు సీలింగ్ దిక్కు చూసి, "సరే, నేనేం చెయ్యాలె?" అన్నడు. అంతే అడిగిండు. నేను రెండు పనులు చెప్పిన. రాత్రి పదింటికి నేను పండుకున్ననో లేదో చూడు. నేను వరుసగ మూడు రోజులు మస్తు సంతోషంగ ఉంటే మా ఇంటామెకు ఫోన్ చెయ్యి. రెండో మాటకు ఆయన నవ్విండు. "సంతోషంగ ఉంటే ఫోన్ చేయాల్నా? గిదేం జబ్బు రా బిడ్డా!" అన్నడు. కానీ ఈ ఐదేళ్లలో రెండుసార్లు చేసిండు. రెండుసార్లూ ఆయన లెక్క కరెక్టే.

ఒకసారి నాకు మస్తు కోపమొచ్చింది. 2022లో బిడ్డ పుట్టినరోజుకు బంగారు చెయిన్ కొందామని బయలుదేరిన. "నీకెందుకు నా పైసల సంగతి" అని కాకాను అందరి ముంగట అన్న. ఆయన ఏం అనలే. నా చెప్పులు తీసి ఆయన మంచం కింద పెట్టుకుని కూసున్నడు. రెండు రోజులు నిద్రపోయినంక చూస్తే బిడ్డకు చెయిన్ కాదు, సైకిల్ కావాలంట.

నా రోజు ఎట్ల గడుస్తదంటే, చెప్పుకుంటే నవ్వొస్తది, అంత సాదా. ఎక్స్ఛేంజ్ వాళ్లు ఉత్తగ ఇచ్చిన క్యాలెండర్ గోడకుంది. ప్రతి గడిలో రెండు అంకెలు రాస్తా. ఎన్ని గంటలు పండుకున్ననో ఒకటి, మనసు ఎట్లుందో ఇంకోటి. సున్నా అంటే మామూలు, పైకి మూడు దాకా, కిందికి మూడు దాకా. వేరేవాళ్లు చూస్తే ఓటీ లెక్క అనుకుంటరు. నిద్ర అంకె ఐదు కన్న కిందికి రెండు రోజులు పడితే డాక్టరమ్మకు మెసేజ్ పెడతా. సెలవు రోజైనా అదే టైంకు లేస్తా, ఇది అన్నిటికన్న కష్టం. మధ్యాహ్నం మూడు దాటితే చాయ్ బంద్. ఐదు వందల దిర్హమ్‌లు దాటే ఏ ఖర్చైనా రెండు రాత్రులు నిద్రపోయినంకనే. చిట్టీలు బంద్. ఇంటామె రోజూ ఫోన్‌లో "తిన్నవా" అనే ముందు "ఎన్ని గంటలు పండుకున్నవ్" అని అడుగుతది. మా బిడ్డకు ఆరేళ్లు, అది కూడా అదే అడుగుతది ఇప్పుడు.

ఇవన్నీ చేసినా కింది రోజులు వస్తనే ఉంటయి. పోయిన చలికాలం నెల రోజులు వచ్చింది. డ్యూటీకి పోయిన, వచ్చిన, పండుకున్న, అంతే. కానీ 2019 లెక్క మునిగిపోలే. మందు పని అదే, నీళ్లు లేకుండ చేయదు, మెడ దాకనే ఉంచుతది.

నైట్ డ్యూటీ గురించి ఒక మాట. కంపెనీకి చెప్పాలా వద్దా అని నన్ను చాలామంది అడుగుతరేమో. 2023లో యూఏఈ కొత్త మానసిక ఆరోగ్య చట్టం తెచ్చింది, 2024 మే నెలాఖరు నుంచి అమలులో ఉంది. పేషెంట్ వివరాలు గుట్టుగ ఉంచాలని, జబ్బు పేరు చెప్పి ఊరికెనే పనిలోంచి తీసేయొద్దని, డాక్టర్ల కమిటీ రిపోర్టు ఉండాలని దాంట్లో ఉంది. చట్టం మంచిదే. కానీ కాంట్రాక్ట్ రెన్యూవల్ కాలేదంటే దానికి కారణం ఎవడు రాసిస్తడు? నేనైతే నా సూపర్‌వైజర్‌కు జబ్బు పేరు చెప్పలే. "నిద్ర సమస్య ఉంది, డాక్టర్ రాత్రి పని వద్దన్నడు" అని చీటీ పెట్టిన. పగటి డ్యూటీ ఇచ్చిండు, ఓటీ తగ్గింది, నెలకు మూడు నాలుగు వందలు తక్కువ పంపుతున్న. ఇది పిరికితనం అని కొందరు అనొచ్చు. అననియ్యండి, వాళ్లకు వీసా భయం లేదేమో. ఈ పోస్టు కూడా నా అసలు పేరుతో లేదు, మీరు చూస్తనే ఉన్నరు.

ఇగ మన సంఘాలకు ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఎవరన్న చనిపోతే మీరు చేసే సేవకు చేతులెత్తి మొక్కుతా. కాగితాలు తిప్పి, చందాలు వసూలు చేసి, పెట్టెను శంషాబాద్ దాకా చేర్చి, అక్కడినుంచి ఊరికి అంబులెన్స్ మాట్లాడి. గల్ఫ్‌లో చనిపోయినోళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే జీవో తెలంగాణలో 2024లో వచ్చింది, దానికోసం కొట్లాడినోళ్లు మీరే. కానీ బతికున్నోడు తల చెడి తిరుగుతుంటే మన దగ్గర ఏముంది? "తాగి ఉంటడు" అంటం, గ్రూపులోంచి తీసేస్తం. బతుకమ్మకు స్టేజీ వేసేటప్పుడు ఒక మానసిక డాక్టర్‌ను పిలిచి పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడిస్తే ఖర్చేమన్న అయితదా? మన మాట తెలిసిన డాక్టర్లు ఇక్కడ లేరా?

ఆయనొకటి చెప్తడు, ఈయనొకటి చెప్తడు. "ఆ గోలీలకు అలవాటు పడితే జీవితాంతం విడవవు" అంటరు. షుగర్ గోలీలు వేసుకునేటోళ్లను ఆ మాట అనరు. "రెండు పెగ్గులేస్తే మంచిగ నిద్రపడతది" అంటరు. పడతది, తెల్లారి నా గడిలో అంకె కిందికి పోతది. "దేవుణ్ని మొక్కు" అంటరు. నేను మొక్కుతా, కొండగట్టుకు పోతా, తాయెత్తు కూడా ఉంది చేతికి, అమ్మ కట్టింది. దేవుడు గోలీలు మానెయ్యమనలే.

ఇండ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్ల సంగతి నాకన్న అధ్వానం. కువైట్‌లో, మస్కట్‌లో కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినోళ్లు ఎంతమంది ఉన్నరో. నిద్రకు టైం ఉండదు, గది ఉండదు, కొందరికి ఫోన్ కూడా ఉండదు. వాళ్లకు క్యాలెండర్ గడులు చెప్పాలంటే నాకే సిగ్గనిపిస్తది. ఒక్కటి మాత్రం: ఈ జబ్బుకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేస్తది. పెళ్లై, పిల్లలు కావాలనుకునే వయసు ఆడోళ్లు డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పాలె. తనంత తానుగ ఆపొద్దు, అడిగి మార్పించుకోవాలె.

ఇంటి దగ్గరోళ్లకు అనుమానం ఉంటే ఇండియాలో టెలి మానస్ ఉంది, 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉత్తగనే, ఇరవైనాలుగు గంటలు, తెలుగులో మాట్లాడతరు. ఇక్కడినుంచి కలవకపోతే మీ ఇంట్లోవాళ్లతోటి చేయించండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు దవాఖానాలు సర్కారువే. వాటి పేరు చెప్పి జోకులేసుకున్నం ఇన్నేళ్లు, నేను కూడా వేసిన. దుబాయ్‌లో ఎవరికన్న ప్రాణం మీదికొచ్చినట్టు అనిపిస్తే 998 అంబులెన్స్, 999 పోలీస్. ఆ మనిషిని ఒంటరిగ వదలొద్దు, రూముల ఒకరు పక్కన కూసోండి. "చచ్చిపోవాలనిపిస్తుందా" అని సూటిగ అడిగితే కొత్తగ ఆ ఆలోచన పుట్టదు. కాకా నన్ను పోయిన చలికాలం అట్లనే అడిగిండు. అనిపిస్తలేదు కాకా అన్న. నిజమే చెప్పిన. "మళ్ల అనిపిస్తే రాత్రైనా లేపు" అని అటు తిరిగి పండుకున్నడు.

ఇన్‌బాక్స్‌లో రాయండి, ఎవరి పేరూ బయటికి రానియ్య. మందుల డోసు అడగొద్దు, చెప్పను. రాత్రి తొమ్మిదిన్నర దాటితే జవాబు రాదు, ఫోన్ కాకా దగ్గరుంటది. ఇయ్యాల గడిలో రాసిన: ఏడు, సున్నా.